ఎనభై ఆరో కాగితం

కిటికీ పక్క సీటు దొరికింది, ఒళ్లో ల్యాప్‌టాప్ సంచి, సంచిలో అమ్మ కట్టిచ్చిన బొరుగుల ఉగ్గాని పొట్లం ఇంకా వెచ్చగా తొడకు తగులుతోంది, ఇంకేం కావాలి అనుకుంది జ్యోత్స్న, ఎమ్మిగనూరు బస్సు ఆదోని స్టాండు గుంతలో ఒక ఊపు ఊగి రోడ్డెక్కుతుంటే. ఏడూ నలభై. ఎనిమిదిన్నరకు దిగినా చాలు, కంటి ఆసుపత్రి బస్సులు రెండూ చర్చి ముందు నుంచి కదిలేది తొమ్మిదింటికి. కళ్లలో పొర కమ్మిన ముసలివాళ్లు ఎనభై మందికి పైగా ఆ బస్సుల్లో పోతారు, ఊరికే ఆపరేషన్ చేయించుకుని మూడోరోజు నల్లద్దాలు పెట్టుకుని తిరిగొస్తారు. మేనత్త సువార్తమ్మ, నర్సు పని నుంచి రిటైరైనా కాలు నిలవని మనిషి, చర్చి తరఫున ఏటా రెండుసార్లు నడిపే క్యాంపు ఇది, ఎవరెప్పుడు రావాలో చెప్పే పని మాత్రం ఈ ఏడు మేనకోడలి చేతిలో పెట్టింది. పెట్టిందంటే జ్యోత్స్నే లాక్కుంది. బీసీఏ ముగించి ఏడాదైంది, ఫోన్లో వీడియోలు చూసి పైథాన్‌లో ప్రోగ్రాంలు రాయడం నేర్చుకుంది, నేర్చుకున్నది ఎవరి మీదైనా ప్రయోగించాలని వేళ్లు దురదపెడుతున్నాయి, అత్త దొరికింది. పద్దెనిమిది లైన్లు రాసింది. మొన్న మధ్యాహ్నం ఎంటర్ నొక్కితే టీ చల్లారేలోపల ఎనభై ఐదు మందికి తెలుగులో మెసేజ్ పోయింది, ఎవరి పేరుతో వాళ్లకు, ఏ కంటికి ఆపరేషనో, షుగరుంటే ఏ మాత్ర వేసుకుని రావాలో. అత్త కళ్లద్దాలు పైకి నెట్టుకుని స్క్రీన్ వైపు చూసి, నేను వారం రోజులు ఫోన్లు చేసే పని గదే ఇది, అంది, ఆ మాట ఇంకా చెవిలో లడ్డులా ఉంది.

ఎంత ముచ్చటైన పని ఆ ప్రోగ్రాంలోని లూప్, ఎవరికి చెబితే అర్థమవుతుంది, అమ్మకు చెప్పబోతే తాలింపు మాడుతుందే అని పంపించేసింది. ఫర్ కీ, వాల్యూ ఇన్ క్యాంప్ డాట్ ఐటమ్స్, అంతే, ఒక్క లైను, అది వరసగా అందరి దగ్గరికీ పోతుంది, ప్రతి గుమ్మంలోనూ నిలబడి ఒక చేత్తో పేరు అందుకుంటుంది, ఇంకో చేత్తో ఆ పేరు వెనకాల దాచిన వివరాలన్నీ అందుకుంటుంది, పని చేసుకుని పక్కింటికి పోతుంది. పేరు కీ, వివరం వాల్యూ, రెండూ కలిపి దాచే డబ్బా పేరు డిక్షనరీ. పేర్లు మాత్రమే కావాలంటే పేర్లు మాత్రమే చదువుతుంది, వివరాలు మాత్రమే కావాలంటే అవి, రెండూ కావాలంటే జంటగా. మొదటిసారి అది పనిచేసినప్పుడు ఆమెకు గుర్తొచ్చింది పోలియో ఆదివారాలు, అత్త చెయ్యి పట్టుకుని కోట కింది వీధుల్లో ఇల్లిల్లూ తిరగడం, చుక్కలు వేసిన ఇంటి గోడ మీద అత్త సుద్దముక్కతో అంకె రాయడం, తాళం వేసిన ఇంటి మీద గుర్తు పెట్టి సాయంత్రం మళ్లీ పోవడం, అప్పటికీ తాళముంటే మరుసటి రోజు. ఒక్క ఇల్లు మిగిలినా అత్త కాఫీ తాగేది కాదు. లూప్ కూడా అంతే, ఎవర్నీ వదలదు, ఎండకు వడలదు, కుక్కలకు భయపడదు. బస్సు పత్తి మిల్లుల వరస దాటింది, గేటు ముందు పత్తి బోరాలెత్తిన ట్రాక్టర్లు, గాలిలో లేచిన దూది నలక ఒకటి కిటికీలోంచి వచ్చి సంచి మీద వాలింది, ఊదింది, పోలేదు.

పక్క సీటులో కూర్చున్న ఆమె, అరవై ఏళ్లుంటాయి, ఒళ్లో టమాటాల బుట్ట, ఎక్కినప్పటినుంచి ఫోన్లో అరుస్తూనే ఉంది. ఎవరో పెళ్లికి ఎవర్ని పిలవాలో అవతలివాళ్లు అడుగుతున్నట్టున్నారు. జ్యోత్స్న వినడం లేదు, వినకుండా ఎట్లా, బస్సంతా వింటోంది. "యే నాగమ్మప్పా? పెద్ద నాగమ్మా, సిన్న నాగమ్మా? నడిపి నాగమ్మ సచ్చిపోయి మూడేండ్లాయ, ఆయమ్మనెట్ల పిలుస్తావు నువ్వు?" వెనక సీట్లో ఎవరో నవ్వారు, జ్యోత్స్న కూడా నవ్వింది, నవ్వు సగంలో ఆగింది. పెద్ద, నడిపి, సిన్న. ఒకే ఇల్లు, ఒకే తండ్రి, ఒకే పేరు. ఇటువైపు ఊళ్లలో అది మామూలే కదా, దేవుడికి మొక్కుకుంటే పుట్టిన పిల్లలందరికీ ఆ దేవుడి పేరే, ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కుకున్న ఇంట్లో ముగ్గురు కొడుకులు పుడితే ముగ్గురూ ఉరుకుందులే, ఇంట్లో పిలిచేటప్పుడు పెద్ద, నడిపి, సిన్న, ఆధార్ కార్డులో రాసేటప్పుడు అవేమీ ఉండవు, ఉత్త ఉరుకుందు. తను ఆదోనిలోనే పుట్టింది, ఏడో క్లాసులో తన బెంచీ వెనకాలే ఇద్దరు ఉరుకుందులు కూర్చునేవాళ్లు, టీచరు ఒకటో నంబరు ఉరుకుందూ రెండో నంబరు ఉరుకుందూ అని హాజరు పిలిచేది, ఇది తెలియనిదా తనకు. తెలుసు. తెలిసిన బుర్ర ఒకచోట ఉండిపోయింది, ప్రోగ్రాం రాసిన బుర్ర ఇంకోచోట. కీ ఏది పెట్టాలా అని ఎంత ఆలోచించింది, ఆధార్ నంబరు పెడదామంటే అత్త వద్దంది, ఓటీపీ మోసాలకు భయపడి ముసలోళ్లు ఆ నంబరు చెప్పరు, ఫోన్ నంబరు పెడదామంటే నాలుగిళ్లకు ఒక ఫోను, అందుకని పేరు, తండ్రి పేరు, ఊరు, మూడూ కలిపి కీ చేసింది, చేసి తన తెలివికి తనే మురిసిపోయింది. మూడూ కలిసేవాళ్లు ఇద్దరెక్కడ ఉంటారు? ఉంటారు. ఇక్కడ ఉంటారు.

అదే కీ రెండోసారి వస్తే డిక్షనరీ ఏం చేస్తుంది. వీడియోలో పైథాన్ నేర్పే కుర్రాడు మొదటి పాఠంలోనే చెప్పాడు, ఒక కీకి ఒకటే వాల్యూ ఫ్రెండ్స్, కొత్తది వస్తే పాతది పోతుంది. తిట్టదు, ఆగదు, ఎర్ర అక్షరాల్లో ఏమీ రాయదు, ముందు కూర్చున్నవాణ్ని మెల్లగా లేపేసి ఆ కుర్చీలో వెనకొచ్చినవాణ్ని కూర్చోబెడుతుంది. లేపేసినవాడు ఇక ఎక్కడా ఉండడు, లూప్ ఎన్నిసార్లు తిరిగినా అతని గుమ్మం దానికి తగలదు. ఎవర్నీ వదలదంట, వదలదు, ఉన్నవాళ్లను వదలదు. అత్త తెచ్చిన కాగితాలు ఎనభై ఆరు. లూప్ పంపినవి ఎనభై ఐదు. చూసింది, అప్పుడే చూసింది, ఒక్కటే కదా, తనే కాగితాలు తప్పు లెక్కపెట్టి ఉంటుంది, బొటనవేలికి రెండు అంటుకుని ఉంటాయి అనుకుంది. మనిషి తప్పు చేస్తాడు, ప్రోగ్రాం చేయదు అనుకుంది. అట్లా అనుకున్నది ఎవరు, ప్రోగ్రాం రాసిన మనిషే.

ఆ ఎనభై ఆరో మనిషి ఎవరో ఆమె వెతుక్కోవాల్సిన పని లేదు, కళ్లు మూస్తే కనిపిస్తున్నాడు. పదిహేను రోజుల కిందట కౌతాళం వైపు పల్లెలో, బడి వరండాలో, తన చేతులతో తనే రాసుకుంది. ఇద్దరు అన్నదమ్ములు, ఒకే కర్ర, ఆ కొస తమ్ముడు పట్టుకుని ముందు నడుస్తున్నాడు, ఈ కొస అన్న పట్టుకుని వెనక వస్తున్నాడు. తండ్రి సిద్దప్ప. పెద్దాయనకు ఎడమ కన్ను చిన్నప్పుడే జొన్న దంటు మొన గుచ్చుకుని పోయింది, ఉన్నది కుడి కన్నొక్కటే, దాని మీద ఇప్పుడు పాలమీగడ లాంటి పొర, షుగరు కూడా ఉంది. తమ్ముడికి ఎడమ కంట్లో పొర, కుడి కన్ను బాగుంది, షుగరు లేదు. పేర్లు అడిగితే ఇద్దరూ ఉరుకుందు అన్నారు, ఆమె నవ్వింది, వాళ్లూ నవ్వారు. పోతూ పోతూ పెద్దాయన వరండా మెట్టు దగ్గర ఆగి, నాది రాసుకుంటివా మ్మా అని అడిగాడు. రాసుకున్నా తాతా అంది. రెండడుగులు వేసి మళ్లీ అడిగాడు. కంప్యూటర్ మర్చిపోదు తాతా, అంది జ్యోత్స్న. ఆ మాటన్న తన గొంతు, ఆ ధీమా, ఇప్పుడు తలుచుకుంటే బస్సులోంచి దూకేయాలనిపించింది. ల్యాప్‌టాప్ తెరిచింది, కుదుపులకు అక్షరాలు పైకీ కిందికీ ఎగురుతున్నాయి, ఉరుకుందు, సిద్దప్ప కొడుకు, ఎడమ కన్ను, షుగరు లేదు. తమ్ముడు. ఒక్కడే. అన్నకు మెసేజ్ పోలేదు. మళ్లీ క్యాంపు ఉగాది దాటాకే, అప్పటిదాకా ఆ కన్ను ఎట్లా ఉంటుందో. ఎనిమిదీ ఐదు. కోటేకల్లులో బస్సు ఆగింది, దిగేవాళ్లు తీరిగ్గా దిగుతున్నారు, కండక్టరు ఎవరితోనో చిల్లర గురించి కన్నడంలో మాట్లాడుతున్నాడు, లోకంలో ఎవరికీ తొందర లేదు.

ఉన్న నంబరు తమ్ముడిది, దానికే ఫోన్ చేసింది. ఏడెనిమిది సార్లు మోగాక ఎత్తాడు, వెనకాల గాలి, ఆడవాళ్ల మాటలు. తను ఎవరో చెప్పి, తాతా మీరు ఎమ్మిగనూరు వచ్చేశారా, మీ అన్న ఎక్కడున్నాడు, ఇప్పుడు బయలుదేరితే తొమ్మిదికి అందుకుంటాడా అని ఊపిరి తీయకుండా అడిగింది. అతను నిదానంగా విన్నాడు. "నేను యాడికీ రాలేదు మ్మా, సేనులో ఉండా, పత్తి తీస్తాండా. మా అన్ననే ఆటో ఎక్కిచ్చి పంపిచ్చినా. మాకు సదువు రాదు, ఉరుకుందూ అని ఒకటే పిలుపొచ్చెనని పిల్లోళ్లు సెప్పిరి. మా ఇంటికి ఆ పేరుమీద యే కాగితమొచ్చినా ముందు పెద్దోనిది, సిన్నప్పటినుంచి అంతే." మరి మీ కన్ను తాతా, అంది. "నాకేమి, ఒకటి నడుస్తాంది గదా. వానికి సూపొస్తే నాకు ఈ కట్టె మోసే పని తప్పుతాది" అని నవ్వి పెట్టేశాడు.

వచ్చేశాడు. వచ్చేశాడు వచ్చేశాడు అని లోపల ఎవరో పీర్ల పండగ డప్పు కొట్టారు, ఒక నిమిషం కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి, తను పోగొట్టిన మనిషిని వాళ్లింటి పద్ధతి వెనక్కి తెచ్చింది, ఏ డిక్షనరీలోనూ లేని రూలు, ఒకే పేరుకు ఇద్దరుంటే చిన్నవాడు పక్కకు జరగాలి. డిక్షనరీ చిన్నవాణ్ని కూర్చోబెట్టి పెద్దవాణ్ని లేపింది, వీళ్లు తిప్పి కూర్చున్నారు. ఉగ్గాని పొట్లం విప్పింది, ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది, రెండో ముద్ద దగ్గర చెయ్యి ఆగిపోయింది. మనిషి అన్న, కాగితం తమ్ముడిది. ఎడమ కన్ను. ఆ మనిషికి ఎడమ కన్నే లేదు. ఎక్కించుకునేముందు ఆసుపత్రి వాళ్లు టార్చి వేసి చూస్తారు, ఈ ప్రోగ్రాం నుంచే పోయిన లిస్టులో ఏ కన్నుంటే ఆ కన్ను, ఎనభై మందికి పైగా వరస, ఒక్కొక్కరికి అర నిమిషం. చచ్చిన కంట్లో టార్చి వేస్తే ఏం కనిపిస్తుంది. పనికిరాదు తాతా, ఇంటికి పో, అంటారు. ఆయన పోతాడు. అదే భయం, ఆయన ఎదురు మాట్లాడే మనిషి కాదు, వెళ్లి పొమ్మంటే కర్ర తీసుకుని వెళ్లిపోతాడు, పెద్ద డాక్టర్లు పనికిరాదన్నారని తమ్ముడికి చెబుతాడు, ఇక జన్మలో ఏ క్యాంపుకూ రాడు. ఉగాది కాదు, ఎప్పటికీ. అత్తకు ఫోన్ చేసింది, ఎత్తలేదు, మళ్లీ చేసింది, అత్త ఫోన్ సంచిలో పడేసి జనంలో తిరిగే మనిషి, అది సంచిలోనే మోగి మోగి ఊరుకుంది. ఐదోసారి. ఏడోసారి. టమాటాల ఆమె జ్యోత్స్న మొహం చూసి, ఏమైంది బిడ్డా, ఎవరికన్నా బాగలేదా అంది, ఏం చెప్పాలో తెలియక తల అడ్డంగా ఊపి, మళ్లీ నిలువుగా ఊపింది. ఆమె ఇంకేం అడగకుండా బుట్ట కాళ్ల మధ్యకు జరిపి, దిగేటప్పుడు దారి ఉండేట్టు మోకాళ్లు పక్కకు తిప్పి కూర్చుంది. రోడ్డు పక్కన తెల్లటి చేలు వెనక్కి పోతున్నాయి, ఒక్కో మొక్క దగ్గరా వంగిన ఆడవాళ్లు, ఒక్క కాయ వదలకుండా, ఏ మొక్కా ఇంకో మొక్క కాదు వాళ్లకు.

ఎనిమిదీ నలభై రెండుకు దిగి పరుగెత్తింది, స్టాండు నుంచి చర్చి దాకా, సంచి వీపు మీద దభీ దభీ కొడుతుంటే. ఒక బస్సు నిండింది, రెండోదీ నిండబోతోంది, వరస పలచబడింది, అత్త తలుపు దగ్గర లిస్టు పట్టుకుని టిక్కులు పెడుతోంది. జ్యోత్స్న నోరు తెరవకముందే అత్తే చెప్పింది, వచ్చినావా, బాగ జరుగుతాందే, ఒక్కరే ఎనక్కిపోయినారు, కౌతాళం పక్క ముసలాయన, పాపం ఆ కన్ను ఎప్పుడో సచ్చిపోయిందంట, టార్చి వేసినతను సూసి పనికిరాదన్నాడు, ఒక్క మాట అనకుండా పోయినాడే ఆయన. అత్త ముఖంలో జాలి తప్ప ఏమీ లేదు, అనుమానం లేదు, లిస్టు మీద ఆ పేరు పక్కన చిన్న సున్నా. ఒక్క క్షణం, ఒక్క క్షణమే, జ్యోత్స్నకు తెలిసిపోయింది, తను ఊరుకుంటే ఇది ఎప్పటికీ ఎవరికీ తెలియదు, చచ్చిన కన్ను చచ్చిన కన్నే, దేవుడు చేసింది, సాయంత్రం అత్త పాస్టరుగారి ముందు మా కోడలి ప్రోగ్రాం అని చెప్పుకుంటుంది. డిక్షనరీ కూడా ఇట్లాగే ఊరుకుంది.

"అత్తా, అది నా తప్పు. ఆయన కాగితం నేను పోగొట్టినా. ఆయన కన్ను కుడిది."

అత్త ఆమె ముఖంలోకి చూసింది, ఏం జరిగిందో సగం కూడా అర్థమై ఉండదు, కానీ నర్సు కదా, ముందు చేయాల్సింది ఏదో ఆమెకు ఎప్పుడూ తెలుసు. "తర్వాత ఏడుద్దువు లే. ఆటోల తాన సూడు, పో. బస్సు నేను పట్టుకుంటా."

షేర్ ఆటోల స్టాండులో పది పన్నెండు ఆటోలు, అన్నీ కౌతాళమే కౌతాళమే అని అరుస్తున్నాయి, ప్రతి దాంట్లో కుక్కుకున్న జనం, తువ్వాళ్లు, కర్రలు, బుట్టలు. జ్యోత్స్న మధ్యలో నిలబడి ఉరుకుందు తాతా అని గట్టిగా పిలిచింది. నలుగురు తిరిగి చూశారు. డ్రైవరొకడు కూడా స్టీరింగు మీదనుంచి తలెత్తి, చెప్పక్కా అన్నాడు. ఇంకో సమయంలో అయితే కింద పడి నవ్వేది. సిద్దప్ప కొడుకు అంది, ఇద్దరు తలలు తిప్పుకున్నారు, ఇంకా ఇద్దరున్నారు, అందులో ఒకాయన మా నాయనా సిద్దప్పే అన్నాడు, ఆ ఇద్దరికీ రెండు కళ్లూ నిక్షేపంగా ఉన్నాయి. పిలవడం మానేసింది. మొదటి ఆటో దగ్గరికి పోయి వంగి ఒక్కొక్క ముఖం చూసింది, రెండో ఆటో, మూడో ఆటో, కదలబోతున్న దానికి చెయ్యి అడ్డం పెట్టి ఆపింది, డ్రైవరు తిట్టాడు, తిట్లు పడింది, చూసింది. ఏడో ఆటోలో వెనక సీటు మూలన, కర్ర రెండు కాళ్ల మధ్య నిలబెట్టుకుని, దాని కొస మీద గడ్డం ఆనించుకుని కూర్చుని ఉన్నాడు. చేతి మీద చెయ్యి వేసింది. తాతా, నేను, పేరు రాసుకున్నదాన్ని.

"ఆ కన్ను పనికిరాదన్యారు మ్మా" అన్నాడు ఆయన, ఆమెను ఓదార్చినట్టు. "నాకు తెల్దా, అది పోయి అరవయ్యేండ్లాయ. రెండోది సూడనేలేదు."

మరి చూడమని మీరు చెప్పలేదా అంది.

"సదువుకున్నోళ్లు, కాగితం సూసి సెప్తాండారు. నేనేమి సెప్పేది."

"ఆ కాగితం రాసింది నేనే తాతా. తప్పు రాసినా. మిమ్మల్ని తీసేసి మీ తమ్ముణ్ని పెట్టినా."

ముసలాయన గడ్డం కర్ర మీద నుంచి ఎత్తాడు. ఆటోలో వాళ్లంతా వింటున్నారు. తర్వాత మెల్లగా, అయితే నేను వచ్చింది మా సిన్నోని పిలుపు మీదనా, వానికి ఈసారి లేనట్టేనా అన్నాడు. జ్యోత్స్న ఆటోలోకి చెయ్యి చాపింది. కర్ర కొస పట్టుకుంది, ఆయన రెండో కొస పట్టుకుని దిగాడు.

అత్త నిజంగానే రెండో బస్సును పట్టుకుని ఉంది, మెట్టు మీద ఒక కాలు, నేల మీద ఒక కాలు. టార్చి అతను కుడి కంట్లో వెలుగు వేసి, పొర బాగా పండింది, దీనికి చూపొస్తుంది, అన్నాడు, అని లిస్టు వైపు, జ్యోత్స్న వైపు చూశాడు. అత్త తెల్ల ప్లాస్టరు చించి ఇచ్చింది, జ్యోత్స్న దాని మీద పెద్ద ఉరుకుందు, కుడి కన్ను, షుగరు ఉంది అని రాసి ఆయన చొక్కాకు అంటించింది. రెండో బస్సులో ఒక్క సీటు ఖాళీ ఉంది, ఆయన పక్కనే. అత్త ఆసుపత్రికి సీట్లు చెప్పింది కాగితాలు లెక్కపెట్టి కదా, ఎనభై ఆరు మందికే చెప్పింది. జ్యోత్స్న ఆదోనికి తిరుగు బస్సు ఎక్కాల్సింది, అమ్మకు పదకొండుకల్లా వస్తానని చెప్పింది. ఆ ఖాళీ సీటులో పొలంలో పత్తి తీస్తున్న మనిషి కూర్చోవాల్సింది. జ్యోత్స్న దాంట్లో కూర్చుంది, నిండుగా కాదు, అంచు మీద.

బస్సు ఊరు దాటేదాకా ముసలాయన ముందు సీటు కడ్డీ పట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. గాలి మారాక, చేలొచ్చినాయా అన్నాడు. వచ్చాయంది.

"బయట యేమేమి పోతాండాయో సెప్పు మ్మా, వరసగా. మల్లా వచ్చేతప్పుడు నేను సూసుకుంటా, నువ్వు సెప్పినేటివి ఉండాయో లేవో."

జ్యోత్స్న కిటికీ వైపు తిరిగింది. చింతచెట్టు అంది. దాని కింద ఎర్ర ట్రాక్టరు, ట్రాలీ లేదు. పత్తి చేను, తీసేసినది. పత్తి చేను, ఇంకా తీయనిది. నీలం తలుపు ఇల్లు. గొర్రెలు, నలభై ఉంటాయి అనబోయి ఆగి, తల బయటికి పెట్టి, అవి వెనక్కి పోయేదాకా ఒక్కొక్కదాన్నే చూసి, ముప్పై ఏడు తాతా, అంది.